నెత్తుటి పాదు

"సుతారం మామా! మీ ఇంటినుంచి ఫోను! ఈగలొచ్చాయట!"

తూకం గుమాస్తా గాజుగదిలోంచి తల ఒక్కటే బయటపెట్టి, కబురు విసిరి, తాబేలులా మళ్లీ లోపలికి లాగేసుకున్నాడు. కబేళాలో వరసగా పనిచేస్తున్న పన్నెండు కత్తులూ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నవ్వు పుట్టింది. ఈగలు రావడం కూడా ఒక కబురేనా? ఆ షెడ్డులో గాలికి చోటు లేకపోయినా ఈగకు చోటుంది. మనిషి ఆవలిస్తే రెండు లోపలికి వెళ్లి, చూడదగ్గవేమీ లేవని ఒకటి తిరిగొచ్చేది.

"ఈగలొస్తే ఫోనెందుకు మామా? తక్కువైతే చెప్పమను, నాలుగు బస్తాలు ఇక్కణ్ణించి పంపిద్దాం," అన్నాడు పేగులు కడిగేవాడు.

"మా ఇంటికొచ్చేవి నీతో తిరిగే రకం కాదులే," అన్నాడు సుతారం. అని నవ్వాడు. అతను నవ్వడమే పెద్ద కబురు కాబట్టి పేగులు కడిగేవాడు పేగులు వదిలేసి చూశాడు.

సుతారం ఇంట్లో ఈగంటే తేనెటీగ. అతని అత్త భాషలో అంతే. "తేనె కళ్లపడందే తేనెటీగ అని ఎలా అంటానయ్యా? ముందు ఈగ. తేనె పెట్టాక తేనెటీగ. పని చెయ్యకముందే బిరుదులిచ్చే అలవాటు మా వంశంలో లేదు," అంటుందావిడ. అంటే ఉన్న పట్టుకు తోడు ఇంకో గుంపు వచ్చి వాలిందన్నమాట. సుతారం తన ముందున్న గొర్రెల్ని కళ్లతోనే లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి. మధ్యాహ్నానికి అవుతాయి. అయ్యాకే వెళ్లొచ్చు. వచ్చిన ఈగలెక్కడికి పోతాయి?

అతని అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. పట్టీ బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పని చూసి పెట్టిన పేరే మిగిలింది. యాభై ఎనిమిదేళ్లు. ఆరేసి మర్చిపోయిన తువ్వాలులా సన్నగా, నిలువుగా ఉంటాడు. మోచేతులనుంచి మణికట్లదాకా పాత గాట్లు తెల్లటి గీతలై ఉన్నాయి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. ముప్ఫై నాలుగేళ్లుగా రోజూ కోస్తున్నాడు గానీ, ఒక్కనాడూ కోతలు కొయ్యలేదు.

గొంతు తెగి, నెత్తురు కారిపోయి, తలకిందులుగా వేలాడుతూ గొర్రె అతని ముందుకొచ్చి ఆగుతుంది. ముందు తల. మెడ కీలులో కత్తిమొన పెట్టి అరచేత్తో ఒక్క తట్టు తడితే ఊడి తొట్టెలో పడుతుంది. తర్వాత నాలుగు కాళ్లు, టక్ టక్ టక్ టక్. ఆపైన తోలుకీ మాంసానికీ మధ్య పిడికిలి దూర్చి, నిద్రపోతున్న పిల్లకు చొక్కా విప్పినంత నెమ్మదిగా తోలు దింపుతాడు. చివర పొట్టమీద ఒక్క గీత. లోపలిదంతా పొగలు కక్కుతూ పళ్లెంలోకి జారుతుంది. మిగిలేది మనుషులకు కావలసిన కండ. మొత్తం నాలుగున్నర నిమిషాలు. చూసి వెళ్దామని వచ్చిన పెద్ద డాక్టరుగారు ఒకసారి, "నా ఆపరేషన్ నువ్వే చెయ్యవయ్యా," అన్నాడట. "మీరు లేచి నడవాలనుకుంటే నా దగ్గరికి రాకండి," అన్నాడట సుతారం. అతను చేసిన రెండు మూడు హాస్యాల్లో అదొకటి.

షెడ్డు మధ్యగా నెత్తురు కాలవ. ఆ కాలవ మొదట్లో, ఎవరూ చూడని మూల, అతని రెండు లీటర్ల ప్లాస్టిక్ క్యాను. రోజూ నిండుతుంది. రోజూ అన్నం క్యారియర్ పక్కన, సంచీలో కూర్చుని ఇంటికి వెళ్తుంది.

దాని సంగతి చెప్పాలంటే అత్త సంగతి చెప్పాలి.

సుతారం భార్య మూడేళ్ల కిందట ఏడు రోజుల జ్వరంలో పోయింది. పిల్లల్లేరు. పది రోజులుండి పోదామని వచ్చిన అత్త పదకొండో రోజున వంటింటి డబ్బాలన్నీ సర్ది, పన్నెండో రోజున అల్లుడి బూట్లు గుమ్మం బయట పెట్టించి, ఉండిపోయింది. డెబ్బై నాలుగేళ్ల పొట్టి మనిషి. గొంతు మాత్రం ఏడడుగుల పొడుగు. అల్లుడి చేతిలో కత్తి, అత్త నోట్లో కత్తి. ఆ ఇంట్లో వంకాయ తరగడానికి మాత్రం పదునైన కత్తి దొరికేది కాదు.

కిందటేడు ఒకరోజు ఆవిడ సంచీ సర్దింది. "ఈ ఇంట్లోకి చచ్చినవి రావడమే గానీ బతికున్నది ఒక్కటీ వచ్చిన పాపాన పోలేదు. పిల్లి కూడా నీ బూట్లు వాసన చూసి తోక ముడుస్తుంది. నేను చిన్నదాని దగ్గరికి పోతాను."

సుతారం "పో" అనలేదు, "ఉండు" అనలేదు. ఎంత పెద్ద జంతువులోనైనా కీలు ఎక్కడుందో చీకట్లో చెప్పగలడు గానీ, ఆ రెండు మాటల మధ్య కీలు అతనికి దొరకలేదు. ఆవిడ పోతే ఇంట్లో తిట్టేవాళ్లుండరు. తిట్టేవాళ్లు లేని ఇంటికి సాయంత్రం తలుపు తీసుకుని వెళ్లడం ఎలా ఉంటుందో, పెళ్లాం పోయిన మొదటి మూడు రోజుల్లో చూశాడు.

"ఏమొస్తే ఉంటావ్?" అన్నాడు చివరికి.

అత్త పెరట్లో గుమ్మడితీగ వైపు వేలు చూపించింది. "రోజూ పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు నేనే అద్దుతున్నాను. ఈ వయసులో నాకీ పెళ్లిళ్ల పేరమ్మ ఉద్యోగం ఎందుకు? ఈగలు రానీ. వచ్చి కాపురం పెట్టనీ. అప్పుడుంటా."

సుతారం పెరట్లో సిమెంటు పలకలు గునపంతో లేపేశాడు. పురుగుమందు సీసా బయటపారేశాడు. ఆవాలు, ధనియాలు, సబ్జా, బంతి, పొద్దుతిరుగుడు వేశాడు. ఈగలకు దాహమేస్తే మునిగిపోకుండా తాగడానికి, పళ్లెంలో గులకరాళ్లు పేర్చి నీళ్లు పోశాడు. అన్నీ సరే, ఆ నేలలో మన్ను తక్కువ, ఇటుకముక్కలెక్కువ. మొక్కలు జానెడు లేచి అలిగాయి. బలం కావాలి. బలమంటే అతనికి తెలిసింది ఒక్కటే. ఒక పాలు నెత్తురు, పది పాళ్లు నీళ్లు కలిపి పాదుల్లో పోశాడు. వారానికి ఆకులు అరచేతులంత అయ్యాయి. నెలకు పూలు పిడికిళ్లంత అయ్యాయి. అంతటితో ఆగితే బాగుండేది. మంచి పని మొదలుపెట్టిన మగాడు ఆగడు కదా. కొవ్వుముక్కలు, ఎముకలకంటిన కండ తెచ్చి పాదుల్లో పాతేవాడు. లోతుగా పాతితే వేళ్లకు అందదేమోనని బెత్తెడే తవ్వేవాడు.

"ఆ ఎర్రనీళ్లేంటయ్యా?" అని అత్త అడిగింది.

"ఎర్రమట్టి నీళ్లత్తా."

"ఓహో," అంది అత్త.

తొమ్మిది రోజుల కిందట ఈగలొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పొగమబ్బులా గుంపు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, సరిగ్గా అలాంటి దుత్త ఒకటి, ఏడాది కిందట అల్లుడి చేతిలో మూతి పగిలి, గోడవార బోర్లా పడి ఉంది. దానిలో దూరి పట్టు కట్టాయి. ఆ సాయంత్రం అత్త సంచీలోంచి బట్టలు తీసి కొయ్యకు తగిలించింది. సుతారం అటు చూడనట్టు చూసి, గుమ్మంలో కూర్చుని, నూరక్కర్లేని కత్తిని చాలాసేపు నూరాడు.

పదకొండింటికి గుమాస్తా ఈసారి గదిలోంచి పూర్తిగా బయటికొచ్చాడు. "మామా, ఆవిడ నన్ను తిడుతోంది. ఆ తిట్లు నీవి. నువ్వే తీసుకో."

సుతారం చెయ్యి తుడుచుకుని ఫోను పట్టుకున్నాడు.

"ఎక్కడ చచ్చావయ్యా? తొమ్మిదింటికి చెబితే ఇంతవరకూ అతీగతీ లేదు!"

"ఈగలొచ్చాయన్నావుగా అత్తా. పనయ్యాక..."

"ఈగలేంటి నీ మొహం! కందిరీగలు! మన ఈగల్ని కోసి పోగులు పెడుతున్నాయి!"

గుమాస్తా మొహం పాలిపోయింది. "మిషన్ల చప్పుడులో తోకే వినపడింది మామా," అని, అందరికీ వినిపించేలా మళ్లీ చెప్పాడు: "ఈగలు కాదట! కందిరీగలట!" ఈసారి ఎవరూ నవ్వలేదు. తోక వినపడి తల వినపడకపోయేసరికి రెండు గంటలు పోయాయి.

సుతారం ముందు సగం తోలు దిగిన గొర్రె వేలాడుతోంది. ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి పని మధ్యలో వదిలేశాడు. కత్తి ఒరలో పెట్టుకున్నాడు. మొహానికి కప్పుకోవడానికి ఏదైనా కావాలి. మాంసం చుట్టే పల్చటి గుడ్డలు ఉతికి ఆరేసిన తాడు మీంచి ఒకటి లాగాడు. తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వాసన లేదు. అతని ముక్కుకు ఏ వాసనా తెలియడం మానేసి ఇరవై ఏళ్లయింది. ఆ తొందరలో ఆ సంగతి గుర్తురాలేదు.

పెరటితలుపు తీసేసరికి అత్త తలకు దుప్పటి చుట్టుకుని, చీపురుతో గాలిని కొడుతోంది. దుత్త ముందు నేలమీద నల్లగా, ధాన్యం ఒలికినట్టు ఉంది. సుతారం వంగి చూశాడు. ధాన్యం కాదు. తలలు. రెక్కలు. కాళ్లు. తేనెటీగల పొట్టలు, కొన్నింట్లో ముల్లు ఇంకా గాల్లో వెతుక్కుంటోంది.

దుత్త మూతి దగ్గర ఓ పెద్ద కందిరీగ, బొటనవేలంత, నారింజరంగు నడుము, గాల్లో నిలబడి ఉంది. బయటికొచ్చిన ఈగను గాల్లోనే పట్టుకుంది. గోడకు కరుచుకుని, వెనక కాళ్లతో తలకిందులుగా వేలాడింది. ముందు తల కొరికింది. తర్వాత కాళ్లు. తర్వాత రెక్కలు. తర్వాత పొట్ట తెంపి కింద పడేసింది. మిగిలిన రొమ్ముకండను ఉండ చుట్టి, పట్టుకుని ఎగిరిపోయింది. సుతారం కదల్లేదు. తన వరసే. తను వదిలేసేవే వదిలేసింది, తను ఉంచేదే ఉంచుకుంది. నాలుగున్నర నిమిషాలు కూడా పట్టలేదు.

"చూశావా, నీ పనివాళ్లొచ్చారు," అంది అత్త, రొప్పుతూ. "కొక్కేలొక్కటే తక్కువ."

ఇరవై ముప్ఫై ఈగలు ఓ కందిరీగ మీద పడి, ఉండకట్టి, దాన్ని తమ ఒంటివేడితో ఉడికిస్తూ నేలమీద దొర్లుతున్నాయి. ఉండ విడిపోయింది. కందిరీగ చచ్చింది. దాంతోపాటు పన్నెండు ఈగలు చచ్చాయి. ఈ లెక్కన సాయంత్రానికి దుత్త ఖాళీ.

అప్పుడు చూశాడు గుమ్మడిపాదులో. మట్టి చీలి, తను పాతిన కొవ్వుముక్క ఒకటి తేలింది. దానిమీద మూడు కందిరీగలు, పెళ్లిభోజనానికి కూర్చున్నట్టు. ఇవి ఈగల కోసం రాలేదు. మాంసం కోసం వచ్చాయి. వచ్చి, పక్కింట్లో ఏముందో చూశాయి.

సుతారం పాదు దగ్గర వంగాడు. కత్తిమొనతో చిన్న మాంసం పీలిక లేపి పట్టుకున్నాడు. ఓ కందిరీగ వాలి, బఠాణీగింజంత కోసుకుని, బరువుగా ఎగిరింది. దాని వెనకే నడిచాడు. పెరటిమూల స్నానాలగది, రేకు చూరు కింద, బూడిదరంగు కాగితంతో చేసినట్టు, గుమ్మడికాయంత గూడు. అత్త కాయించలేకపోయిన గుమ్మడి.

"నీళ్లు మరిగించత్తా. పెద్ద డబ్బా నిండా."

అత్త మారు మాట్లాడకుండా వెళ్లింది. ఆ ఇంట్లో అదీ మొదటిసారే.

కందిరీగల తుట్టెను కదపకూడదని లోకమంతా సామెత చెబుతుంది. కదపక తప్పని రోజు ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పదు. సుతారం రబ్బరు బూట్లు, తోలు ఏప్రన్ వేసుకున్నాడు. మొహానికీ మెడకూ మాంసంగుడ్డ చుట్టుకున్నాడు. గూటికింద స్టూలు వేసి, దానిమీద పొగలు కక్కుతున్న డబ్బా పెట్టాడు.

"నువ్వు లోపలికి పో. తలుపేసుకో."

"మూత ఎవరు పెడతారు?"

"నేనే."

"నీకు రెండు చేతులేగా ఉన్నాయి? కత్తొకటి, గూడొకటి. మూత నోటితో పెడతావా?"

"అత్తా. పో."

ఆ గొంతు ఆవిడెప్పుడూ వినలేదు. వెళ్లి, తలుపేసి, కిటికీ అద్దానికి మొహం ఆనించింది.

సుతారం ఎడమ అరచెయ్యి గూటికింద పెట్టాడు. లోపల జివ్వుమంటోంది, బతికున్న జంతువు గుండెలాగ. తొడిమె దగ్గర కత్తి పెట్టి, సుతారంగా, ఒక్క లాగు. గూడు అరచేతిలోకి దిగింది. చెయ్యి కిందికి వాల్చాడు. బుడుంగుమని నీళ్లలో పడింది. పైకి రాకుండా మూతతోనే అదిమి పట్టాడు. మరిగే నీళ్లు మణికట్టు మీద పొంగాయి. లోపల ఓ నిమిషం ఇసుక వేయించినట్టు చప్పుడు. తర్వాత చప్పుడు లేదు.

అయితే గూటిలో ఉన్నవే అన్నీ కాదు. వేటకు వెళ్లినవి తిరిగొచ్చాయి. ముప్ఫయ్యో నలభయ్యో. ఇల్లు లేదు. ఇంటిచోట మాంసం వాసన కొట్టే తెల్లగుడ్డ ఒకటి నిలబడి ఉంది.

గుడ్డమీద పడ్డాయి. పల్చటి గుడ్డ, ముల్లుకు అడ్డమే కాదు. దర్జీ మిషను కుట్టినంత వరసగా కుట్టాయి: కనుబొమలు, పెదవులు, చెవి వెనక, గొంతు. సుతారం అరవలేదు. అరచేతులతో తన మొహాన్నే తను కొట్టుకుంటూ, గుడ్డమీదే వాటిని చిదిపాడు. చిదిపినకొద్దీ వచ్చాయి. గుడ్డ పీకి పారేస్తే గుడ్డతోపాటే వెళ్లాయి. అవి వస్తున్నది గుడ్డ వాసనకని అప్పుడు తెలిసింది. నేలమీద గుడ్డను కసిగా కొరుకుతున్నవాటిని బూటుకాలితో, ఒకటొకటిగా, ఆఖరుదాన్నీ తొక్కాడు. తర్వాత గుమ్మం మెట్టుమీద కూర్చున్నాడు.

అత్త తలుపు తీసుకొచ్చి, చూసి, గోడవతల మనిషిని కేకేసింది. "బండి తీసుకురా నాయనా! ఆసుపత్రికి! పరుగెత్తు!" లోపలికెళ్లి గ్లాసుడు పంచదారనీళ్లు తెచ్చింది. సుతారం మొహం అప్పటికే వేరే ఎవరిదో అయిపోయింది. కళ్లు రెండు గాట్లు. గ్లాసు అందుకుని రెండు గుక్కలు మింగాడు. మూడోది దిగలేదు. గ్లాసు పక్కన పెట్టాడు.

"ఎర్రమట్టి నీళ్లు కాదత్తా," అన్నాడు. గొంతు సన్నగా, సందులోంచి వస్తున్నట్టుంది. "నెత్తురు. రోజూ."

"తెలుసు."

అతను తల తిప్పాడు.

"ముక్కు పోయింది నీకయ్యా, నాకు కాదు. మొదటిరోజే తెలుసు."

"మరి... అనలేదేం?"

అత్త చీపురు కింద పెట్టింది. "మూడేళ్లలో నువ్వు నా కోసమని ఇంటికి తెచ్చింది అదొక్కటే. వద్దని ఎలా అంటాను?"

దుత్త దగ్గర ఈగలు మళ్లీ ఒకటీ రెండూ బయటికొస్తున్నాయి. చచ్చినవాటిని ఈడ్చి పారేస్తున్నాయి. సుతారం చెవి అటు పెట్టాడు.

"పోతావా?" అన్నాడు.

"ఎక్కడికి?"

"చిన్నదాని..."

"ముందు ఆ నీళ్లు తాగు. పోయేదీ ఉండేదీ తర్వాత. పోట్లాడుకోవడానికి సాయంత్రమంతా ఉంది," అంది అత్త. గోడమీంచి చూసి, "ఆ బండేదీ? పిలిస్తే పలికేవాడొక్కడూ లేడు ఈ వీధిలో. ఉల్లిపాయ రాస్తానుండు, మంట తగ్గుతుంది," అంటూ లోపలికెళ్లి, ఉల్లిపాయ రెండుగా కోసుకుని, మొద్దుకత్తిని తిట్టుకుంటూ తిరిగొచ్చింది. సుతారం గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. నుదుటిమీద ఉల్లిచెక్క రుద్దింది. మెడమీద రుద్దింది. మణికట్టుమీద రుద్దుతూ, అక్కడే ఆగి, కాసేపు వేళ్లు ఆనించి ఉంచింది. తర్వాత రెండో చెక్క కూడా రుద్దింది. సగంలో ఆపడం మంచిది కాదన్నట్టు, నెమ్మదిగా, మొత్తం.

బండి వచ్చింది. బండితోపాటు వీధీ వచ్చింది. కబేళానుంచి గుమాస్తా, పేగులు కడిగేవాడు, ఇంకో నలుగురు పరుగున వచ్చారు. సుతారాన్ని లోపల చాపమీద పడుకోబెట్టారు. బయట గోడవతలి మనిషి అప్పటికే పొడుగాటి కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిలు పోస్తున్నాడు.

"తప్పుకో పెద్దమ్మా. మనిషిని చంపిన ఈగలు. తగలబెట్టేద్దాం."

అత్త దుత్తకు వీపు ఆనించి నిలబడింది. ఏడడుగుల గొంతు బయటికొచ్చింది.

"అందరూ వినండి! మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక లేదు నాకు. చంపింది ఈగలు కాదు. ఈగలు ఆ నేలమీద చచ్చి పడున్నవి. చంపినవి కందిరీగలు. అవి ఇదిగో, ఈ డబ్బాలో ఉడికి ఉన్నాయి, మూతెత్తి చూసుకోండి. వాటిని పిలిచింది ఈ పాదుల్లో పోసిన నెత్తురు. పోసింది మా అల్లుడు. పోస్తుంటే చూస్తూ ఊరుకున్నది నేను. ఆయన మొహానికి చుట్టుకున్నది మీ షెడ్డులో గుడ్డ. ఎవరికి నిప్పు పెడతావో పెట్టు. ఇందులో తప్పు లేనివి ఈ ఈగలొక్కటే."

పేగులు కడిగేవాడు నేలమీది గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపి, మడతపెట్టి, జేబులో దోపుకున్నాడు. గోడవతలి మనిషి కర్ర దింపాడు.

లోపల అత్త ఫోను మోగింది. గుమాస్తా తెచ్చి ఇచ్చాడు. చిన్నకూతురు.

"విన్నానమ్మా. ఇంకా అక్కడెందుకు? రేపే వచ్చెయ్," అంటోంది అటునుంచి, ఏడుస్తూ.

"రాలేనే," అంది అత్త. "ఈగలున్నాయి."

ఫోను గుమాస్తా చేతిలో పెట్టి, మెట్టుమీద కూర్చుంది. పక్కనే స్టీలు గ్లాసు, సగానికి పంచదారనీళ్లు. ఎవరో తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. దుత్తలోంచి వచ్చిన ఈగ ఒకటి అంచుమీద వాలి, లోపలి నున్నటి గోడమీద కాలు నిలవక జారుతోంది. అత్త చీపురులోంచి ఓ పుల్ల విరిచి, అది మునిగిపోకుండా నీళ్లలో అడ్డంగా వేసింది. పుల్ల ఓసారి మునిగి, తేలి, తిరిగి తిరిగి, రెండు గుక్కలు తగ్గిన ఆ గ్లాసు గోడకు ఆని నిలబడింది.